జుమ్మనే లేత్, ఆకుపచ్చ వైరు

ఆ రోజు ఎనిమిదో తరగతిలో ధ్వన్యనుకరణ పదాల పాఠం. నీళ్లు గలగల పారతాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, చలికి ఒళ్లు జివ్వుమంటుంది అని బోర్డు మీద రాసి, "మీకు తెలిసిన మాటలు చెప్పండి" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "మేడమ్, మా నాన్న షాపులో లేత్ మిషను ముట్టుకుంటే జుమ్మంటాది" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఎందుకంటే, ఇంతకు ముందు పనిచేసిన ఊళ్లో మా అద్దె ఇంటి కూలరు కూడా అలాగే జుమ్మనేది. ఇంటివాళ్లకు చెబితే "చెప్పులేసుకుని ముట్టుకోండి, ఏమీ కాదు" అన్నారు. ఒకరోజు నేల తడిగా ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. కూలరు పక్కకు జరుపుదామని పట్టుకున్న చెయ్యి వదలడానికి రాలేదు. అరవడానికి గొంతు కూడా రాలేదు. మావారు చూసి, నన్ను తాకకుండా ప్లగ్గు పీకబట్టి ఈ రోజు ఈ వ్యాసం రాస్తున్నాను. అంతకు ముందు నెల రోజుల పాటు ఆ కూలరు మాకు చెబుతూనే ఉంది. మేమే వినలేదు.

ఆ అబ్బాయి తాతగారు భిలాయి ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చారట. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. మూడో తరానికి వచ్చేసరికి కొందరు చిన్న చిన్న వర్క్‌షాపులు పెట్టుకున్నారు. ఈ అబ్బాయి నాన్నగారిదీ అలాంటిదే. ఒక లేత్, ఒక డ్రిల్లింగు మిషను, ఒక గ్రైండరు, ఒక వెల్డింగు సెట్టు, ఇద్దరు పనివాళ్లు.

ఆ ఆదివారం మా ఫిజిక్స్ మాస్టారిని తోడు తీసుకుని ఆ షాపుకు వెళ్లాను. అబ్బాయి నాన్నగారు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. అక్కడ చూసినవి, అడిగి తెలుసుకున్నవి మీతో పంచుకోవాలనే ఈ ప్రయత్నం. మీలో చాలామంది ఇళ్లలో యంత్రాలతో పనిచేసేవారు ఉన్నారు కనుక ఇది మీకు దూరపు విషయం కాదు.

పట్టాలు నేర్పే పాఠం

ముందుగా ఒక ప్రశ్న. కరెంటు ఎక్కడికి పోతుంది? "భూమిలోకి" అని చాలామంది అంటారు. ఎర్త్ అనే పేరే మనల్ని అలా అనుకునేలా చేస్తుంది. అసలు సంగతి వేరు. కరెంటు ఎప్పుడూ తాను బయలుదేరిన చోటికే తిరిగి చేరాలని చూస్తుంది. మన షాపులకు, ఇళ్లకు ఆ చోటు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు.

దీనికి భిలాయి పిల్లలకు చక్కటి ఉదాహరణ కళ్ల ముందే ఉంది. మన ఊరు రైలు పట్టాలకు పేరుపడ్డది. ఆ పట్టాలు బండి చక్రాలను మోయడంతో ఆగవు. మన స్టేషన్ల మీదుగా వెళ్లే హౌరా-ముంబయి లైనులో కరెంటు ఇంజను పైనున్న తీగ నుంచి 25,000 వోల్టుల విద్యుత్తు తీసుకుంటుంది. తీసుకున్న కరెంటు తిరిగి సబ్‌స్టేషనుకు వెళ్లే దారిలో చక్రాలూ పట్టాలూ ముఖ్యభాగం. పైన ఒక్క తీగే కనిపిస్తుంది కానీ, రెండో దారి కింద ఉంది. తిరుగుదారి లేనిదే కరెంటు కదలదు.

ఈ ఒక్క మాట గుర్తుంటే తక్కినదంతా సులువు. లేత్ లోపల ఎక్కడో ఒక ఫేజు వైరు ఇన్సులేషన్ పాడై బాడీకి తగిలిందనుకోండి. ఆ కరెంటు కూడా ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటుంది. మంచి దారి మనం ముందే వేసి ఉంచితే అందులో పోతుంది. వేయకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఆకుపచ్చ వైరు పని ఆ మంచి దారిగా ఉండటమే.

ఎంత కరెంటు, ఎంత ప్రమాదం

మన దగ్గర ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి. మనిషి ఒళ్లు తడిగా ఉన్నప్పుడు దాని నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. ఓమ్ నియమం మీరు చదువుకున్నదే. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు.

ఇది పెద్దదా, చిన్నదా? సుమారు 1 మిల్లీ ఆంపియరు దగ్గర మనకు జుమ్మన్న స్పర్శ తెలుస్తుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేకపోవచ్చు. నాకు జరిగింది అదే. 30 దాటి కొద్దిసేపు కొనసాగితే ఊపిరికీ గుండె లయకూ ప్రమాదం. కాబట్టి 230 మిల్లీ ఆంపియర్లు ప్రాణం తీయడానికి చాలా ఎక్కువే.

మరి జుమ్మన్నప్పుడు ఎందుకు బతికి బయటపడ్డాం? ఆ రోజు కాళ్లకు చెప్పులున్నాయి, నేల పొడిగా ఉంది, చేతికి చెమట లేదు. అంటే మన నిరోధం ఎక్కువగా ఉంది. యంత్రంలోని లోపం మాత్రం రెండు రోజుల్లోనూ అదే. వానాకాలం వచ్చి నేల తడిస్తే నిరోధం పడిపోతుంది. "చిన్న షాకే కదా" అనే మాటలో ఉన్న పొరపాటు ఇక్కడే ఉంది. షాకు చిన్నదిగా తెలిసింది కానీ, లోపం చిన్నది కాదు.

షాపులో ఏం కనబడింది

మాస్టారు అబ్బాయిని అడిగారు: "ఎప్పటి నుంచి జుమ్మంటోందిరా?" వాడు కాసేపు ఆలోచించి, "డ్రిల్లింగు మిషను రిపేరుకి పంపిన కాణ్ణించి సార్" అన్నాడు. ఎలక్ట్రీషియన్ వెంటనే కింద కూర్చుని వైర్లు చూశాడు.

లేత్ నుంచి ఒక ఆకుపచ్చ వైరు డ్రిల్లుకు, డ్రిల్లు నుంచి గ్రైండరుకు, గ్రైండరు నుంచి గోడ అవతల భూమిలో దిగేసిన ఇనప కడ్డీకి వెళ్లింది. పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డట్టు. మధ్యలో డ్రిల్లును తీసి రిపేరుకు పంపగానే వరస తెగింది. లేత్ ఒంటరిదైపోయింది. దాని మోటారు కనెక్షన్ల పెట్టెలో నూనె, కూలెంటు తడి, ఇనప పొడి చేరి చాన్నాళ్లుగా కొద్దిగా కరెంటు కారుతోంది. ఇన్నాళ్లూ ఆకుపచ్చ వైరు దాన్ని చప్పుడు లేకుండా తీసుకుపోయింది. వైరు తెగిన రోజు నుంచి ఆ పని ముట్టుకున్నవాళ్ల చేతులు చేస్తున్నాయి.

ఎలక్ట్రీషియన్ ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే పెట్టె మూత తీశాడు. మెగ్గర్ అనే పరికరంతో మోటారు ఇన్సులేషన్ కొలిచాడు. కనీసం 1 మెగా ఓమ్ ఉండాల్సింది, దానికి చాలా తక్కువ వచ్చింది. మోటారు విప్పి శుభ్రం చేసి ఆరబెట్టాలని తేల్చాడు.

కడ్డీ దిగేస్తే చాలదు

అబ్బాయి నాన్నగారు అడిగిన ప్రశ్న చాలామందికి ఉండేదే. "కడ్డీ ఉంది కదండీ, వరస తెగకపోతే సరిపోయేదే కదా?" మాస్టారు సుద్దముక్కతో నేల మీదే లెక్క వేశారు.

కడ్డీకీ నేలకూ మధ్య నిరోధం 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్త్ 1 ఓమ్ అనుకుందాం. మొత్తం 6. ఫేజు వైరు నేరుగా బాడీకి తగిలితే 230ని 6తో భాగించగా సుమారు 38 ఆంపియర్లు పారతాయి. బోర్డులో ఉన్నది 32 ఆంపియర్ల ఎంసీబీ. 38 అంటే దానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఓవర్‌లోడు అనుకుని అది చాలాసేపు పడిపోకుండా ఉండగలదు. ఈలోగా యంత్రం బాడీ మీద ఎంత వోల్టేజి ఉంటుంది? 38ని 5తో గుణిస్తే 190 వోల్టులు. ఎర్త్ ఉన్నట్టే ఉంది, ప్రాణానికి మాత్రం రక్షణ లేదు.

అదే ఆకుపచ్చ వైరు, రాగి దారిగానే బోర్డు దాకా, అక్కడి నుంచి సరఫరా వారి ఎర్త్ టెర్మినల్ దాకా వెళ్లిందనుకోండి. మొత్తం దారి నిరోధం అర ఓమ్ అనుకుంటే 460 ఆంపియర్లు దూసుకుపోతాయి. సీ రకం 32 ఆంపియర్ల ఎంసీబీ తన విలువకు 5 నుంచి 10 రెట్ల మధ్య, అంటే ఎక్కువలో ఎక్కువ 320 ఆంపియర్ల దగ్గర, కనురెప్ప పడేలోగా పడిపోతుంది. కాబట్టి ఎర్త్ వైరు మనల్ని ఒంటరిగా కాపాడదు. ఎంసీబీని వెంటనే పడేసేంత పెద్ద కరెంటుకు దారి ఇచ్చి కాపాడుతుంది. దారీ, బ్రేకరూ రెండూ జతగా ఉండాలి.

నేల దారి మీదే ఆధారపడక తప్పని చోట ఆర్‌సీసీబీ అనే బ్రేకరు తప్పనిసరి. ఇది వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి చూస్తుంది. తేడా ఉందంటే ఎక్కడో కారుతోందన్నమాట, వెంటనే ఆపేస్తుంది. చేతిలో పట్టుకునే డ్రిల్లు, గ్రైండరు లాంటి వాటి లైనుకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. ఆ అంకె ఎందుకో పైన చదివారు కదా.

అలాగని ఎర్త్ గుంత వద్దని కాదు. జీఐ పైపును సుమారు రెండున్నర మీటర్ల లోతున దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసే పద్ధతి మీరు చూసే ఉంటారు. అవి తడిని పట్టి ఉంచి నేల నిరోధాన్ని తగ్గిస్తాయి. మే నెల ఎండలకు మన నేల ఎండి బిగుసుకుపోయినప్పుడు ఆ నిరోధం పెరుగుతుంది. గుంతలో నీళ్లు పోయమనేది అందుకే. కొలిచేది కూడా ఎండాకాలంలోనే కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

యంత్రానికి వైరింగు ఎలా ఉండాలి

స్థిరంగా ఉండే పెద్ద యంత్రానికి వేలాడే ప్లగ్గు పనికిరాదు. బోర్డు నుంచి యంత్రం దాకా శాశ్వతంగా వైరింగు చేస్తారు. ఆ షాపులో ఎలక్ట్రీషియన్ కొత్తగా చేసిన పని వరసగా చెబుతాను.

మొదట, ప్రతి యంత్రానికీ విడిగా ఎంసీబీ, యంత్రం దగ్గర నిలబడితే కనిపించేంత దూరంలో ఐసొలేటర్ స్విచ్. రిపేరు చేసేటప్పుడు దానికి తాళం వేయగలగాలి. తరువాత స్టార్టరు. దీనిలో రెండు రక్షణలున్నాయి. మోటారు మీద బరువు ఎక్కువైతే ఓవర్‌లోడ్ రిలే ఆపుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం దానంతటదే తిరగకుండా నో-వోల్ట్ కాయిల్ చూసుకుంటుంది. ఇది లేకపోతే, కరెంటు లేదు కదా అని చక్‌లో చెయ్యి పెట్టినవాడి గతి ఊహించుకోండి. ఎర్ర పుట్టగొడుగు ఆకారంలో ఉండే అత్యవసర బటను చేతికి అందేలా ఉండాలి.

వైర్లు గొట్టంలో గానీ, ఆర్మర్డ్ కేబులుగా గానీ వేసి, పెట్టెలోకి వెళ్లే చోట గ్లాండు బిగించాలి. యంత్రం అదురుతుంది కాబట్టి చివరి అడుగు మేర వంగే గొట్టం వాడతారు. ఆ గొట్టాన్నే ఎర్త్ అనుకోకూడదు, లోపల విడిగా ఆకుపచ్చ వైరు ఉండాలి. రంగులు ఎరుపు, పసుపు, నీలం ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ లేదా ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్త్‌కు. ఆకుపచ్చ వైరును వేరే దేనికీ వాడకూడదు. ఫేజు వైరు 16 చదరపు మిల్లీమీటర్ల దాకా ఎంత లావైతే ఎర్త్ వైరూ అంతే లావు.

మూడు ఫేజుల యంత్రం బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని మన దేశపు విద్యుత్ భద్రతా నిబంధన. రెండూ ఒకే బోల్టు కింద పెడితే రెండు కాదు, ఒకటే. లేత్‌కు ఒక పక్క ఒకటి, మరో పక్క ఇంకొకటి వేశాడు. రెండూ నేరుగా ఎర్త్ పట్టీకి వెళ్లాయి. ఇప్పుడు ఏ యంత్రాన్ని తీసినా పక్కదాని ఎర్త్ తెగదు. బోల్టు పెట్టే చోట పెయింటు గీకి, ఇనుము మెరిసేలా చేసి, లగ్గు పెట్టి బిగించాడు. పెయింటు మీద బిగించిన ఎర్త్ చూడటానికి బాగుంటుంది, పని మాత్రం చేయదు.

ఇంకొక తప్పు కూడా చెప్పాడు. కొన్ని చోట్ల విడిగా ఎర్త్ వైరు వేయలేక న్యూట్రల్‌నే బాడీకి కలిపేస్తారట. దారిలో న్యూట్రల్ తెగిన క్షణాన, మోటారు గుండా వచ్చిన ఫేజు తిన్నగా బాడీ మీదికి వస్తుంది. యంత్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది, ఏమైందోనని ముట్టుకుంటాం. న్యూట్రల్ రోజూ పనిచేసే దారి, ఎర్త్ ఆపదలో పనిచేసే దారి. ఒకటి చేసే పని రెండోదానికి అప్పగించకూడదు.

ఒకే మాట, వేరే పని

భాష చెప్పేదాన్ని కాబట్టి నన్ను బాగా ఆలోచింపజేసింది చివరి విషయం. గ్రైండరు దగ్గర ఆకుపచ్చ వైరు పైతొడుగు ఒకచోట నల్లగా మాడి ఉంది. "ఇదేమిటి?" అంటే, "వెల్డింగు ఎర్త్ దీనికే పెడతాం" అన్నారు పనివాళ్లు.

వెల్డింగు సెట్టు నుంచి రెండు కేబుళ్లు వస్తాయి. ఒకటి ఎలక్ట్రోడుకు, ఇంకొకటి క్లాంపుకు. ఆ క్లాంపును అందరూ ఎర్త్ అనే పిలుస్తారు. నిజానికి అది వెల్డింగు కరెంటు తిరిగి సెట్టుకు చేరే దారి, ఆపద కోసం వేసిన ఎర్త్ కాదు. ఎర్త్ అన్నారు కాబట్టి ఏ ఎర్త్‌కు పెట్టినా ఒకటే అనుకున్నారు. వెల్డింగు చేసే ముక్కను డ్రిల్లింగు మిషను బల్ల మీద పెట్టి, క్లాంపును గ్రైండరు స్టాండుకు తగిలించేవారు. వంద ఆంపియర్లు దాటే వెల్డింగు కరెంటు ఆ రెండిటి మధ్యనున్న సన్నటి ఆకుపచ్చ వైరు గుండా వెళ్లేది. అది కొద్దికొద్దిగా మాడిపోయింది. ఇంకొన్నాళ్లు పోతే వరస అక్కడా తెగేది, ఎవరికీ తెలిసేది కాదు.

క్లాంపు పెట్టవలసింది వెల్డింగు చేసే ముక్కకే, కుట్టుకు వీలైనంత దగ్గరగా. ఆ షాపులో ఇప్పుడు దాన్ని "వాపసు క్లాంపు" అంటున్నారు. హిందీ, తెలుగు కలిసిన మా భిలాయి మాట. ఎవరు పెట్టారంటే, మన అబ్బాయే. పేరు మారింది కాబట్టి దాన్ని ఆకుపచ్చ వైరుకు తగిలించాలన్న ఆలోచనే ఎవరికీ రావడం లేదట.

మీరు చేయవలసింది

పిల్లలూ, పెట్టెల మూతలు తీయడం మీ పని కాదు. అది లైసెన్సు ఉన్నవారి పని. మీ పని చూడటం, చెప్పడం. ఏ యంత్రమైనా, కూలరైనా, నీళ్ల మోటారైనా జుమ్మంటే వెంటనే ముట్టుకోవడం మానేసి, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి స్విచ్ ఆపించండి. "చెప్పులేసుకో" అనే జవాబుతో ఊరుకోకండి. ఎవరికైనా షాకు తగిలి అతుక్కుపోతే వారిని తాకవద్దు. ముందు మెయిన్ ఆపండి. అది కుదరకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కర్రతో వైరును తప్పించండి. 112కు ఫోను చేయించండి.

పెద్దలకు ఒక మనవి. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు యంత్రాలన్నీ ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెడతాం. ఏడాదిలో అన్ని యంత్రాలూ ఒకేసారి ఆగి ఉండే రోజు అదే. ఆ రోజే ఎలక్ట్రీషియన్ని పిలిచి ప్రతి ఆకుపచ్చ వైరునూ చివరిదాకా చూపించండి, వదులైన బోల్టులు బిగించండి, ఆర్‌సీసీబీ మీదున్న టెస్టు బటను నొక్కి చూడండి.

మోటారు బాగుచేసి బిగించాక ఆ అబ్బాయి సోమవారం తరగతిలో లేచి, "మేడమ్, ఇప్పుడు లేత్ ఏమీ అనట్లేదు" అన్నాడు. ఈసారి కూడా తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ధ్వన్యనుకరణ పదాల పట్టికలో "జుమ్మనడం" అన్న మాట మాత్రం చెరపలేదు. దాని పక్కనే పిల్లల చేత అర్థం రాయించాను: ఆపు, ముట్టుకోకు, చెప్పు.